సాగునేల మీద ఇంధనం: సౌర ఫలకాలు, ఇంధన పంటలు

సాగుభూమి నుంచి ఇంధనం తీయడానికి ఇప్పుడు ప్రధానంగా రెండు దారులున్నాయి. మొక్కజొన్న, చెరకు, నేపియర్ గడ్డి, కానుగ వంటివి పెంచి వాటినుంచి ఇథనాల్, బయోగ్యాస్, బయోడీజిల్ తయారు చేయడం ఒక దారి. వీటిని ఇంధన పంటలు అంటారు. అదే నేల మీద సోలార్ ప్యానెళ్లు బిగించి నేరుగా కరెంటు తీయడం రెండో దారి. రెండూ ఎండ మీద ఆధారపడినవే. రెండింటికీ భూమి కావాలి. ఆ భూమి అంతకుముందు ఎవరికో తిండి పెట్టి ఉంటుంది, లేదా ఎవరి మందకో మేత ఇచ్చి ఉంటుంది. ఎకరానికి వచ్చే శక్తినే చూస్తే ప్యానెళ్లదే పైచేయి. ఆ తేడా రెండింతలో మూడింతలో కాదు, పదుల రెట్లు. ఇంత తేడా ఉన్నప్పుడు ప్యానెళ్లకు తక్కువ భూమి చాలు కాబట్టి ఏ నేల వాడాలో ఎంచుకునే వీలు ఉంటుంది. ఆ వీలును సరిగా వాడుకున్నారా లేదా అన్న దాని మీదే ఈ వివాదంలో చాలా భాగం నడుస్తోంది.

ఎకరా లెక్క

ఎండను పట్టి నిల్వ చేసుకునే పనిలో మొక్కకు ఒక హద్దు ఉంది. తమ మీద పడే సౌరశక్తిలో మొక్కజొన్న, చెరకు వంటి మొక్కలు గరిష్ఠంగా 6 శాతం, వరి, గోధుమ వంటివి 4.6 శాతం దాకా మాత్రమే జీవపదార్థంగా మార్చగలవని ఇలినాయ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2008లో లెక్కగట్టారు. ఇది కాగితం మీది గరిష్ఠం. పొలంలో విత్తనం మొలిచి ఆకు కమ్ముకునేదాకా ఎండ నేల మీదే పడిపోతుంది. కోత తర్వాత నేల ఖాళీగా ఉంటుంది. మధ్యలో వాన తప్పుతుంది, తెగులు సోకుతుంది. ఏడాది మొత్తం మీద చూస్తే చాలా పంటలు ఒక శాతం కూడా పట్టుకోలేవు. ఇప్పుడు మార్కెట్లో దొరికే సిలికాన్ ప్యానెళ్లు 20 శాతానికి పైగా పట్టుకుంటాయి.

దీన్ని మన పొలం భాషలో చూద్దాం. తెలంగాణలో నీటి వసతి కింద మొక్కజొన్న ఎకరానికి 25 క్వింటాళ్లు పండిందనుకుందాం. టన్ను గింజల నుంచి దాదాపు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అంటే ఎకరానికి 950 లీటర్లు. పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌లో శక్తి మూడో వంతు తక్కువ కాబట్టి ఇథనాల్ లీటరుకు 12 కిలోమీటర్లే నడిచే కారు దాంతో పదకొండు వేల పైచిలుకు కిలోమీటర్లు తిరుగుతుంది. ఇప్పుడు అదే ఎకరంలో ప్యానెళ్లు. మన దగ్గర ఒక మెగావాట్‌కు వరుసల మధ్య ఖాళీలు, దారులు కలుపుకుని ఐదెకరాలు పడుతుంది. ఏడాదికి సుమారు 16 లక్షల యూనిట్లు వస్తాయి. ఎకరానికి 3.2 లక్షల యూనిట్లు. లైన్లలో, ఛార్జింగ్‌లో పోయేది తీసేసి యూనిట్‌కు 6 కిలోమీటర్లు వేసుకున్నా విద్యుత్ కారు 19 లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది.

ఈ లెక్కలో పంటకు దక్కాల్సిన న్యాయం కూడా చేయాలి. ఏడాదికి రెండు పంటలు మొక్కజొన్న వేయవచ్చు. టన్ను గింజల్లో ఇథనాల్ తీశాక మిగిలే దాదాపు 300 కిలోల పిప్పి కోళ్ల దాణాకు, పశువుల దాణాకు పోతుంది కాబట్టి మూడో వంతు భూమిని ఆ ఖాతాలో వేయాలి. ఇవన్నీ సర్దినా తేడా యాభై రెట్లకు తగ్గదు. పైగా పంట దున్నకానికి డీజిల్, యూరియా, ఇథనాల్ ఫ్యాక్టరీ బాయిలర్‌కు బొగ్గో ఊకో ఖర్చయిన సంగతి ఇందులో కలపనేలేదు. ప్యానెల్ తయారీకి పట్టిన శక్తి మాత్రం మంచి ఎండ ఉన్నచోట ఏడాదికి అటూ ఇటూగా తిరిగి వచ్చేస్తుంది.

దేశం మొత్తానికి ఇదే కొలత పెట్టి చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. పెట్రోలులో 20 శాతం కలపడానికి ఏటా 1,016 కోట్ల లీటర్ల ఇథనాల్ కావాలని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. అదంతా మొక్కజొన్నతోనే తీస్తే కోటి ఎకరాలకు పైగా కావాలి. పది లక్షల మెగావాట్ల సోలార్‌కు 50 లక్షల ఎకరాలు సరిపోతాయి. అది భారతదేశపు నికర సాగు విస్తీర్ణంలో ఒకటిన్నర శాతం లోపే. దాని నుంచి ఏటా వచ్చే కరెంటు, దేశం ఇప్పుడు అన్ని మార్గాల్లో తీసుకుంటున్న కరెంటులో అధిక భాగానికి సమానం. ఒక వైపు కోటి ఎకరాలు పెట్రోలు ట్యాంకులో ఐదో వంతుకు. మరో వైపు అందులో సగం నేల దాదాపు దేశమంతటి కరెంటుకు.

పంటతో ఇంధనం: బ్రెజిల్, అమెరికా, జర్మనీ

శక్తి కోసం పంట పెంచడం కొత్తేమీ కాదు. ట్రాక్టర్లు రాకముందు మన ఊళ్లలో ప్రతి రైతూ జొన్నచొప్ప, వరిగడ్డి, ఉలవలు ఎద్దుల కోసం ఉంచుకునేవాడు. దున్నే శక్తి ఆ మేత నుంచే వచ్చేది. అమెరికాలో 20వ శతాబ్దం మొదటి దశకాల్లో సాగుభూమిలో దాదాపు నాలుగో వంతు గుర్రాల, కంచరగాడిదల మేతకే పోయేది. చమురు వచ్చి ఆ భూమిని మనుషుల తిండికి వదిలింది.

మళ్లీ పంటను ఇంజన్‌లోకి తెచ్చింది 1973 చమురు సంక్షోభం. బ్రెజిల్ 1975లో ప్రోఆల్కూల్ పథకం మొదలుపెట్టి చెరకు రసంతో కార్లు నడిపింది. ఇంధన పంటల్లో ఇంతకంటే మెరుగైన ఉదాహరణ మరొకటి లేదు. హెక్టారుకు ఆరేడు వేల లీటర్ల దిగుబడి, ఎక్కువ చోట్ల వానతోనే పండే చెరకు, పిప్పిని కాల్చి ఫ్యాక్టరీకి కావాల్సిన ఆవిరి, కరెంటు అక్కడే తీసుకోవడం వల్ల పెట్టిన శిలాజ ఇంధనానికి ఎన్నో రెట్లు శక్తి తిరిగి వస్తుంది. ఆ వాతావరణం, ఆ విస్తీర్ణం అందరికీ ఉండవు.

అమెరికా 2005, 2007 చట్టాలతో ఇథనాల్ కలపడం తప్పనిసరి చేసింది. ఇప్పుడు అక్కడి మొక్కజొన్నలో మూడో వంతుకు మించి ఇథనాల్ కర్మాగారాలకు పోతోంది. 2007 జనవరిలో మెక్సికో నగరంలో జనం మొక్కజొన్న రొట్టెల (టోర్టియా) ధరల మీద వీధికెక్కారు. అంతర్జాతీయ మొక్కజొన్న ధర పెరగడానికి కారణాల్లో ఇథనాల్ ఒకటని అప్పుడే ప్రపంచానికి అర్థమైంది. 2008లో పరిశోధకుడు టిమోతీ సెర్చింజర్ బృందం సైన్స్ పత్రికలో మరో చిక్కును బయటపెట్టింది. ఒకచోట తిండిగింజల భూమి ఇంధనానికి మళ్లితే ఇంకెక్కడో అడవినో పచ్చికనో దున్ని ఆ గింజలు పండిస్తారు. ఆ నేలలో దాగిన కార్బన్ గాలిలో కలుస్తుంది. ఈ పరోక్ష నష్టం ఎంత అన్న దాని మీద ఇప్పటికీ వాదన ఉంది. 2022లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం మొక్కజొన్న ఇథనాల్ పెట్రోలు కంటే మెరుగు కాదని తేల్చగా, పరిశ్రమ, ఆ దేశపు వ్యవసాయ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. అంకె ఎంతైనా, నష్టం జరిగే తీరు మాత్రం నిజం. ఐరోపా సమాఖ్య 2015లో తిండి పంటల నుంచి తీసే రవాణా ఇంధనానికి 7 శాతం పరిమితి పెట్టడానికి కారణం ఇదే.

రెండు దారులనూ పక్కపక్కనే పెట్టి చూడటానికి జర్మనీకి మించిన చోటు లేదు. 2004లో అక్కడి పునరుత్పాదక ఇంధన చట్టం బయోగ్యాస్ కోసం ప్రత్యేకంగా పెంచిన పంటకు అదనపు ధర ప్రకటించింది. రైతులు మొక్కజొన్నను పచ్చిగానే కోసి, పాతరేసి, ట్యాంకుల్లో పులియబెట్టి గ్యాస్ తీసి కరెంటు అమ్మారు. ఇరవై ఏళ్ల దాకా ఖాయమైన ధర. కొద్ది ఏళ్లలోనే వేల ప్లాంట్లు లేచాయి. పాడి రైతులకు కౌలు భూమి దొరకడం కష్టమైంది. పచ్చిక బయళ్లు దున్నారు. మొక్కజొన్న తర్వాత మొక్కజొన్నే వేసిన జిల్లాల్లో అడవిపందుల బెడద, నేల కోత, భూగర్భ జలంలో నైట్రేట్లు పెరిగాయన్న ఫిర్యాదులు వచ్చాయి. 2012లో చట్టం సవరించి కొత్త ప్లాంట్లలో మొక్కజొన్న వాటా 60 శాతం దాటకూడదన్నారు. తర్వాత దాన్ని ఇంకా తగ్గించుకుంటూ వచ్చారు. ఇప్పటికీ జర్మనీ సాగుభూమిలో దాదాపు ఏడో వంతు ఇంధన పంటలదే.

అక్కడ హెక్టారుకు 50 టన్నుల పచ్చి మొక్కజొన్న వస్తే, దాని గ్యాస్‌తో సుమారు 20 వేల యూనిట్ల కరెంటు వస్తుంది. అదే హెక్టారులో ప్యానెళ్లు, మనకంటే ఎంతో తక్కువ ఎండలోనూ, పది లక్షల యూనిట్ల దరిదాపుల్లో ఇస్తాయి. 2030 నాటికి 2,15,000 మెగావాట్ల సోలార్ కావాలన్నది ఆ దేశపు లక్ష్యం. అందులో సగం కప్పుల మీద, సగం నేల మీద అనుకుంటే లక్ష హెక్టార్ల పైచిలుకు చాలు. ఇంధన పంటల కింద ఇరవై లక్షల హెక్టార్లకు పైగా ఉన్న దేశంలో ప్యానెళ్లు తిండికి ఎసరు పెడతాయన్న వాదన లెక్కకు నిలవదు. ఆ పంటల్లో చిన్న భాగం తగ్గించుకున్నా ఆ భూమి దొరుకుతుంది.

బయోగ్యాస్‌కు ఉన్న ఒక గుణాన్ని మాత్రం తక్కువ చేయకూడదు. దాన్ని నిల్వ ఉంచుకుని, ఎండ లేని, గాలి వీచని చలికాలపు రాత్రి మండించుకోవచ్చు. ఏడాది పొడవునా సమంగా నడిచిన ప్లాంట్లను అవసరమైన గంటల్లో మాత్రమే నడిపేలా మార్చే ప్రయత్నం జర్మనీలో అందుకే జరుగుతోంది.

మన దగ్గర: అడవి ఆముదం నుంచి ఇథనాల్ దాకా

భారతదేశంలో ఇంధన పంటల కథ బంజరు భూముల పేరుతో మొదలైంది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ కోటి హెక్టార్లకు పైగా భూమిలో అడవి ఆముదం, అంటే జట్రోఫా, నాటి డీజిల్‌లో 20 శాతం దాకా కలపాలని సూచించింది. నీరు లేకుండా, ఎరువు లేకుండా, పశువు ముట్టకుండా పెరిగే మొక్క అన్నారు. మొక్క బతికింది, కాయ రాలేదు. తిండి పంటకు ఏవి కావాలో నూనెగింజకూ అవే కావాలని ఐదారేళ్లలో రైతులకు తెలిసిపోయింది. లక్ష్యంగా పెట్టుకున్న 2011-12 నాటికి ఆ పథకం దాదాపు కనుమరుగైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మన నేలకు అలవాటైన కానుగ మీద కొంత మెరుగైన ప్రయత్నం జరిగింది. ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో గిరిజన మహిళా సంఘం కానుగ గింజల నుంచి నూనె తీసి, 2003లో 147 టన్నుల కార్బన్ ఆదాకు ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకుంది. అక్కడ కానుగ చెట్టు పొలాన్ని ఆక్రమించలేదు, గట్ల మీదా బీళ్లలోనూ పెరిగింది. ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

2018 జీవ ఇంధన విధానం తర్వాత దృష్టి ఇథనాల్ మీదికి మళ్లింది. 2022లో 10 శాతం, 2025లో 20 శాతం కలిపే స్థాయికి దేశం చేరింది. ముడిసరుకు మొదట చెరకు మొలాసిస్, తర్వాత చెరకు రసం, ఆపైన భారత ఆహార సంస్థ గోదాముల్లోని బియ్యం, నూకలు, ఇప్పుడు ప్రధానంగా మొక్కజొన్న. ఒక లీటరు చెరకు ఇథనాల్ వెనక 2,860 లీటర్ల నీరు ఉందని నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. మొక్కజొన్నకు నీరు తక్కువే, కానీ దాన్ని మనుషులకంటే ముందు కోళ్లు తింటున్నాయి. ఇన్నేళ్లు ఎగుమతి చేసిన దేశం 2024లో మొక్కజొన్న దిగుమతిదారుగా మారింది. దాణా ధర పెరిగితే గుడ్డు ధర పెరుగుతుంది. కోళ్ల పరిశ్రమ బలంగా ఉన్న తెలుగు రాష్ట్రాలకు ఇది దూరపు ముచ్చట కాదు. మరోవైపు మొక్కజొన్న రైతుకు మద్దతు ధరకు మించి రేటు పలికిన సీజన్లు ఇథనాల్ గిరాకీ వల్లే వచ్చాయన్నదీ అంతే నిజం.

ఫ్యాక్టరీ వచ్చే ఊళ్ల అనుభవం వేరు. నారాయణపేట జిల్లా చిత్తనూరు, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలలో వాసన, వ్యర్థజలం, తాగునీటి భయంతో జనం ఇథనాల్ ఫ్యాక్టరీలను ఎదిరించారు. 2024 నవంబరులో దిలావర్‌పూర్ వాసులు జాతీయ రహదారిని దిగ్బంధించాక అక్కడ పనులు ఆపించారు. ఆంధ్రప్రదేశ్‌లో నేపియర్ గడ్డి నుంచి కంప్రెస్డ్ బయోగ్యాస్ తీసే పెద్ద ప్రణాళికకు 2025లో ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలో శంకుస్థాపన జరిగింది. ఇక్కడా బీడు భూములే వాడతామన్న హామీ ఉంది. నేపియర్ ఏడాదికి ఆరేడు కోతలు ఇచ్చేది నీళ్లు పారినప్పుడే. ఫ్లోరైడ్ నీళ్లతో, అడుగంటిన బోర్లతో బతికే కనిగిరిలో ఆ నీరు ఎక్కడిదన్నది అడవి ఆముదం అనుభవం చూసినవారు ముందుగా అడగాల్సిన ప్రశ్న.

ప్యానెళ్ల కింది నేల

ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల పరిసరాల్లో 5,900 ఎకరాలకు పైగా విస్తీర్ణంలో 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల పార్కు అప్పట్లో ప్రపంచంలోనే పెద్ద సోలార్ పార్కుల్లో ఒకటి. అనంతపురం ప్రాంతంలో నంబులపూలకుంట, తలారిచెరువు దానికి తోడయ్యాయి. రాయలసీమ మెట్టలో ఎండకు కొదవలేదు, వాన నమ్మకం లేదు, కాబట్టి ఇక్కడే పెట్టడం లెక్కకు సరిగ్గా సరిపోయింది. తెలంగాణ మొదట్లో మరో దారి పట్టింది. ఒకేచోట మహా పార్కు కట్టకుండా సబ్‌స్టేషన్లకు దగ్గరగా చిన్న చిన్న కేంద్రాలు పెట్టించింది. భూమి మీద ఒత్తిడి ఒక్క ఊరి మీదే పడకపోవడం దాని మంచి.

రెవెన్యూ రికార్డులో బంజరు అని రాసినంత మాత్రాన ఆ నేల ఖాళీగా ఉన్నట్టు కాదు. నంబులపూలకుంటలో పట్టా లేకుండా ఏళ్ల తరబడి సాగు చేసుకుంటున్న కుటుంబాలు పరిహారానికి అర్హత నిరూపించుకోలేక ఇబ్బంది పడ్డాయి. పోరంబోకులో మేపుకునే గొర్రెల కాపరి పేరు ఏ అడంగల్‌లోనూ ఉండదు. కంచె వేసిన మర్నాడు అతని దారి మూసుకుపోతుంది. కూలి పని విషయంలో ఇంధన పంటకూ ప్యానెల్‌కూ తేడా ఉంది. పంట కూలీకి నాటేదగ్గర, కలుపుదగ్గర, కోతదగ్గర పని ఇస్తుంది. ప్యానెళ్లు కట్టేటప్పుడు తప్ప తర్వాత తుడిచేవాళ్లకూ కాపలావాళ్లకూ మాత్రమే పని ఇస్తాయి. శక్తి లెక్కలో ఎంత గెలిచినా ఈ లోటు ఒప్పుకుని తీరాలి.

కర్ణాటకలో ఉన్నా మూడు వైపులా ఆంధ్ర నేలే చుట్టుకుని, ఇళ్లలో తెలుగు వినిపించే పావగడ ఈ విషయంలో చదవదగ్గ పాఠం. 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు 2019 చివరికి పూర్తయింది. భూమి కొనలేదు. రైతుల నుంచి 28 ఏళ్లకు కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి ఏటా 21 వేల రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. వరుస కరువుల్లో వేరుశనగ వేసి పెట్టుబడి కూడా చూడని రైతుకు అది నికరాదాయం. పట్టా అతని పేరునే ఉంటుంది. భూమి అమ్మి పట్నం పోయి ఆ డబ్బు కరిగించుకున్న కుటుంబాలను చూసిన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. కానీ కౌలు డబ్బు ఎకరాలను బట్టి పంచారు. పదిహేను ఎకరాల ఆసామికి మూడు లక్షలు, రెండెకరాల రైతుకు నలభై రెండు వేలు, ఆ పొలాల్లో కూలికి పోయిన భూమిలేని కుటుంబానికి ఏమీ లేదు. 2013 భూసేకరణ చట్టం కింద భూమి తీసుకుంటే మూడేళ్లుగా అక్కడ పనిచేస్తున్న కౌలుదారు, కూలీ కూడా బాధిత కుటుంబమే. కౌలు ఒప్పందం భూసేకరణ కాదు కాబట్టి ఆ రక్షణ వారికి అందదు. ప్యానెళ్ల ఎకరం ఇచ్చే సంపదలో చిన్న వాటా పక్కకు తీసినా ఈ లోటు పూడ్చవచ్చు. పదుల రెట్లు ఎక్కువ శక్తి ఇచ్చే నేల ఆ భారాన్ని మోయలేదనడం నమ్మదగ్గ మాట కాదు.

రెండూ ఒకే చేలో

ప్యానెళ్లనూ పంటనూ ఒకేచోట పెట్టే పద్ధతిని అగ్రివోల్టాయిక్స్ అంటారు. జర్మనీ శాస్త్రవేత్తలు అడోల్ఫ్ గోయెట్జ్‌బెర్గర్, అర్మిన్ జాస్ట్రో 1980ల మొదట్లోనే దీన్ని ప్రతిపాదించారు. 2004 నుంచి జపాన్‌లో అకిరా నాగాషిమా చేతల్లో చూపించారు. ప్యానెళ్లను ఎత్తుగా, ఎడంగా కట్టి కింద ట్రాక్టరు తిరిగేలా, ఎండ పంటకు కూడా అందేలా చేస్తారు. జర్మనీలో కాన్‌స్టాన్స్ సరస్సు దగ్గరి హెగెల్‌బాఖ్ పొలంలో 194 కిలోవాట్ల ప్యానెళ్ల కింద గోధుమ, బంగాళాదుంప, సెలరీ, మేత గడ్డి పండించి చూశారు. పంటా కరెంటూ కలిపి 2017లో ఒక హెక్టారు 1.6 హెక్టార్ల పని చేసింది. ఎండలు మండిపోయిన 2018లో నీడ మేలు చేసి అది 1.86కు చేరింది. ఎండ అవసరానికి మించి ఉన్న మన మెట్టలో ఈ నీడ విలువ ఇంకా ఎక్కువ కావచ్చు. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క ప్రాంత పరిశోధన సంస్థ 105 కిలోవాట్ల వ్యవస్థలో పప్పుధాన్యాలు, కూరగాయల వంటివి పండించి, ప్యానెళ్ల మీద పడిన వాననీటిని పట్టి మళ్లీ ప్యానెళ్లు కడగడానికీ తడులకూ వాడుతోంది. ఎత్తైన ఇనుప చట్రం ఖర్చు పెంచడం దీని పెద్ద అడ్డంకి.

పేరుకు కింద పంట చూపించి పైన కరెంటు మాత్రమే తీసే ప్రమాదం ఉంది కాబట్టి కొన్ని దేశాలు దిగుబడి నియమాలు పెట్టాయి. జపాన్ ఆ ప్రాంతపు సగటులో 80 శాతం, జర్మనీ ప్రమాణం 66 శాతం, ఫ్రాన్స్ 2024 ఉత్తర్వు 90 శాతం దిగుబడి ఉండాలంటాయి. ఇటలీ 2024లో సాగుభూమిలో నేలబారుగా పరిచే ప్యానెళ్లను చాలావరకు ఆపి, ఎత్తుగా కట్టేవాటికి చోటిచ్చింది. మన పీఎం కుసుమ్ పథకం 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా రైతు సొంత భూమిలో పెట్టుకోవడానికి వీలిస్తుంది. బీడు భూమికి మొదటి చోటు ఇచ్చి, సాగుభూమైతే కింద పంట పండేలా ఎత్తుగా కట్టాలంటుంది. దిగుబడికి మాత్రం కనీస కొలత పెట్టలేదు.

పంట అక్కర్లేని జీవ ఇంధనం

విమానాలకు, ఓడలకు, కొన్ని రసాయన పరిశ్రమలకు కరెంటు నేరుగా సరిపోదు. అక్కడ జీవ ఇంధనానికి చోటుంది. దానికోసం నేల కేటాయించనక్కర్లేని సరుకు మన దగ్గర దండిగా ఉంది. వరిగడ్డి, పత్తి కట్టె, చెరకు పిప్పి, కోళ్ల పెంట, పేడ, పట్టణాల తడిచెత్త. హర్యానా పానిపట్‌లో 2022లో వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే కర్మాగారం మొదలైంది. కోతయ్యాక పత్తి కట్టె తగలబెట్టే తెలంగాణ జిల్లాల్లో, యంత్రం కోసిన వరికొయ్యలు మండించే డెల్టాలో ఇలాంటి సరుకుకు కొరత లేదు. ఊరూరి నుంచి పోగుచేసి తరలించడమే ఖర్చుతో కూడిన పని. జీవ ఇంధనానికి ప్రభుత్వం ఇచ్చే సాయం పండించిన గింజకు కాకుండా ఈ పోగుచేసే పనికి పోతే తిండితో పోటీ తప్పుతుంది.

చివరిగా, భూమి తిరిగి సాగుకు రావడం సంగతి. ప్యానెళ్ల ఆయుష్షు పాతిక, ముప్పై ఏళ్లు. ఇంధన పంట వద్దనుకుంటే వచ్చే సీజనుకే మరో పంట వేసుకోవచ్చు. ప్యానెళ్లు తీశాక భూమిలో దిగేసిన ఇనుప స్తంభాలు, కాంక్రీటు, కేబుళ్లు ఎవరు తీయాలో కౌలు పత్రంలోనే రాసుకోవాలి. పాత ప్యానెళ్లు 2022 ఇ-వ్యర్థాల నియమాల కిందికి వచ్చాయి. తయారీదార్లు, ఉత్పత్తిదార్లు వాటిని 2034-35 దాకా పద్ధతిగా నిల్వ ఉంచాలి. పావగడ కౌలు గడువు ముగిసేది 2040ల మధ్యలో. అప్పటికి ఆ 13 వేల ఎకరాలు దున్నడానికి వీలుగా చేతికి వస్తాయా అన్నది ఇప్పుడు సంతకాలు జరుగుతున్న కౌలు పత్రాలన్నింటికీ వర్తించే విషయం.